పనిముట్టు కొనబోవు ముందు

2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకములో 18 చేతివృత్తులను చేర్చిరి. వడ్రంగి, కమ్మరి, శిల్పి, తాపీపనివాడు, కుమ్మరి, చర్మకారుడు, దర్జీ మొదలగువారితో పాటు సుత్తులు, పనిముట్లు చేయువారిని కూడ ఒక ప్రత్యేక వృత్తివారుగా అందు లెక్కించుట గమనింపదగినది. ఎంపికయిన వృత్తికారునకు ప్రాథమిక శిక్షణ ఆరంభమున 15,000 రూపాయలకు మించని ఒక వోచరు ఇచ్చి, తన వృత్తికి కావలసిన పనిముట్లు కొనుక్కొమ్మందురు. ఈ మొత్తముతో ఒక వడ్రంగి పదేండ్లపాటు తనకు అన్నము పెట్టు సామగ్రిని కొనవచ్చును. రెండు నెలలలో మూలబడి త్రుప్పు పట్టు మెరుపుల పెట్టెను కూడ కొనవచ్చును. దుకాణములో ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు రెండును ఒక్క తీరుగనే మెరయుచుండును. వీనిని వేరుపరచు ఉపాయములు కొన్ని కలవు. అవి వృత్తికారునకే గాక, ఇంటిలో ఒక సుత్తి, ఒక ప్లయరు, పొలములో ఒక పార, ఒక కొడవలి ఉంచుకొను ప్రతి గృహస్థునకును పనికివచ్చును.

పని చెడినప్పుడు పనిముట్టును నిందించువానిని చూచి, ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వుట మనకు అలవాటు. కాని మద్దెల నిజముగా ఓడైన సందర్భములు లేకపోలేదు. ఉదయము నూరిన ఉలి మధ్యాహ్నమునకు మొద్దుబారినచో వడ్రంగి బలము హెచ్చించి కొట్టును. బలము హెచ్చినకొలది చేయి జారును, కొయ్య చీలును, గాయమగును. చెడ్డ పనిముట్టు వలన నష్టము దాని వెలతో తీరదు. పోయిన కూలిదినములును, చెడిన కొయ్యయు, తెగిన వ్రేలును ఆ లెక్కలో చేర్చవలసి ఉండును.

నందికొట్కూరు నుండి ఆత్మకూరు పోవు దారిలో జూపాడు బంగ్లా ఉన్నది. అది పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. శ్రీశైలము జలాశయపు నీటిని రాయలసీమవైపు మరల్చు పోతిరెడ్డిపాడు రెగ్యులేటరు ఈ మండలములోనిదే. కాలువ నీరు వచ్చిన సీమలో పనిముట్ల పట్టిక కూడ మారును. ఒకప్పుడు రైతు ఇంటి గోడకు కొడవలి, గొడ్డలి, పార, గడ్డపార ఆనించి ఉండినచో చాలును. ఇప్పుడు ట్రాక్టరు బోల్టు ఊడిన పానా కావలెను. పైపు కారిన పైపు రెంచి కావలెను. మోటారు ఆగిన టెస్టరు, కటింగ్ ప్లయరు కావలెను. పాతవి పోలేదు, కొత్తవి వచ్చి చేరినవి. పట్టణమునకు పోయి మరమ్మతువానిని పిలుచుకొని వచ్చులోపల మడి ఎండును. కనుక పల్లెలో ప్రతి రైతును కొంతవరకు మెకానిక్కు కాక తప్పదు.

పూర్వపు గ్రామ వ్యవస్థలో వడ్రంగియు కమ్మరియు ఆయగాండ్రు. పంట నూర్చినప్పుడు కళ్లమువద్ద రైతు వారికి ఇంత గింజయని కొలిచి ఇచ్చెడివాడు. ఆ ఏర్పాటులో కష్టములు లేకపోలేదు. గింజ కొలుచు చేతిదే పైచేయి. పంట పోయిన ఏట ఆయగాని కడుపు కూడ కాలెడిది. అయినను అందొక సౌలభ్యము ఉండెను. పార వంగినచో చేసినవాని కొలిమి వీధి చివరనే. చెడ్డ పార చేసినవాడు మరునాడు ఆ రైతు ముఖము చూడవలసినవాడే. ఇప్పుడు మనము కొను పానా జలంధరులోనో లూధియానాలోనో, ప్లయరు నాసిక్‌లోనో, సుత్తి రాజస్థానములోని నాగౌరులోనో తయారయి వచ్చును. అవి చెడ్డ ఊళ్లని కాదు. జలంధరులో చేతి పనిముట్లకే ప్రత్యేకముగా ఒక కేంద్రీయ సంస్థ కలదు. కాని చేసినవాడు మనకు కనబడడు. పూర్వము చేసినవాని ముఖము చూచి కొనెడివారము. ఇక పనిముట్టు ముఖమునే చూచి కొనవలెను.

చూచుట ఎట్లు? మొదట ఉక్కును చూడవలెను. రంగు, మెరుగు, పిడిమీది రబ్బరు ఇవన్నియు దాని తరువాతివి.

ఉక్కును గురించి తెలుగువారికి ఒకరు చెప్పవలసిన అవసరము ఒకప్పుడు లేకుండెను. నేటి నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రమున మూసలలో ఉక్కును కరగించు పద్ధతిని వాయిసీ అను ఆంగ్లేయుడు చూచి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. అంతకు ముందే, 1820 ప్రాంతమున, లండనులో మైకేల్ ఫారడే మన దేశపు ఉక్కు ముద్దలను తెప్పించుకొని పరీక్షలు చేసెను. యూరపువారు ‘వూట్జ్’ అని వ్రాసిన మాట మన ‘ఉక్కు’ నుండి పోయినదేయని పలువురి అభిప్రాయము. ఆ విద్య నశించినది. దానికి సోదర విద్యయైన పదును పెట్టుట మాత్రము నేటికిని రోడ్డుప్రక్క కొలుములలో మిగిలి ఉన్నది.

‘పదును’ అను మాటను మన భాష రెండు చోట్ల వాడుట నాకు ఎప్పుడును ముచ్చటగా తోచును. వాన కురిసి నేల విత్తనమునకు సిద్ధమయినచో పదునయినదందుము. అంచు కోతకు సిద్ధమయినచో అదియు పదునే. రెంటిలోను హెచ్చయినను పనికిరాదు, తక్కువయినను పనికిరాదు. ఎర్రగా కాల్చిన ఉక్కును నీటిలోనో నూనెలోనో ముంచినచో గట్టిపడును. కాని ఆ గట్టితనము గాజు గట్టితనము వంటిది. అట్లే వాడినచో అంచు పెచ్చులూడును. కనుక దానిని మరల కొద్దిగా వేడిచేసి ఆ పెళుసుతనమును తగ్గించవలెను. వేడి ఎక్కుచుండగా మెరుగుపెట్టిన ఉక్కుమీద రంగులు నడచును. మొదట లేత గడ్డిరంగు, తరువాత గోధుమరంగు, పిదప వంగపూవు రంగు, చివరకు నీలము. గడ్డిరంగు సుమారు 230 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద, నీలము 300 డిగ్రీల ప్రాంతమున కనబడును. కొయ్యను చెక్కు ఉలికి గడ్డిరంగుకును గోధుమరంగుకును నడుమ ఆపుదురు. దెబ్బలు తిను గొడ్డలికి ఇంకను ముందుకు పోనిత్తురు. స్ప్రింగువలె వంగి లేవవలసిన దానికి నీలము.

ఈ సంగతి పుస్తకములలో చదివిన నాకు, జూపాడు బంగ్లా దారిలో ఒక కొలిమి వద్ద పని చూచుచున్నప్పుడు ఒక వృద్ధుడు ఒక్క మాటలో తేల్చి చెప్పెను. “ఆచారిగారూ, ఇందులో కష్టమైన పని ఏది?” అని అడిగితిని. “సారూ, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేది ఎవురైనా ముంచుతారు. ముంచినాక మళ్లా ఎంత కాక తగిలించల్ల, యాడ ఆపల్ల, అదే పని. ఆ రంగు చూసేదానికి ఎండలో కుదర్దు, నీడ కావల్ల,” అని ఆయన సమాధానము. ఆయన కొలిమికి పైకప్పు ఎందుకంత క్రిందికి దింపిరో అప్పుడు తెలిసినది. తిత్తి పోయి పంకా వచ్చినది గాని నీడ అట్లే ఉన్నది.

ఆయన కొడవళ్లకు, కత్తులకు వాడునది లారీల క్రింది కమాను బద్దల ఉక్కు. ఇది మన పల్లెలలో చాలచోట్ల నడచు పద్ధతి. పాత కమాను మంచి ఉక్కే. అయితే వేల మైళ్లు ఊగిన బద్దలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చును. తెలిసిన కమ్మరి బద్దను దాకలిమీద మోగించి చూచి, విరిగిన చోటికి దగ్గరి ముక్కను ప్రక్కకు త్రోయును. గట్టి కమ్మరిచేత కమాను ఉక్కుతో చేయించిన కొడవలి దుకాణములోని చౌకబారు కొడవలికన్న మేలని నా అభిప్రాయము. కమ్మరి సామాన్యుడైనచో మాత్రము పేరున్న కార్ఖానా సరకే నయము. టాటావారి అగ్రికో పనిముట్లు 1920ల నాటినుండి మన రైతులు ఎరిగినవే. అట్టివానిలో పదును ఒక దానికొకటి తేడా లేకుండ వచ్చుటయే కార్ఖానా గొప్ప.

పదును సరిగా ఉన్నదో లేదో దుకాణములో తెలిసికొనుటకు ఒక చిన్న ఆకురాయి చాలును. జేబులో పట్టునట్టి సన్నని ఆకురాయిని తీసుకొనిపోయి, దుకాణదారుని అనుమతితో ఉలి అంచునకు ఒక మూల మెల్లగా రాచి చూడవలెను. మంచి ఉలిమీద ఆకురాయి జారును, పట్టీపట్టనట్లుండును. గొడ్డలిమీదను కొడవలిమీదను కొంచెము పట్టును గాని ఎదురు తిరుగుచున్నట్లు చేతికి తెలియును. వెన్నవలె తెగి రజను రాలినచో అది మెత్తని ఇనుము. వెల ఎంత తగ్గించినను కొనరాదు. అనుమతి ఇయ్యని దుకాణదారు సరుకును గురించి ఆ నిరాకరణయే కొంత చెప్పుచున్నది.

కొన్న తరువాత పదును చెడగొట్టుకొనువారు కూడ చాలమంది. కరెంటు సాన చక్రముమీద ఉలిని అదిమిపెట్టి, నిప్పురవ్వలు చూచి సంతోషించుచు, అంచు నీలము తిరుగువరకు పట్టుదురు. నీలము తిరిగిన మేర పదును పోయినట్లే. అంత భాగమును నూరి తీసివేయుట తప్ప వేరు దారి లేదు. క్షణక్షణమునకు నీళ్లలో ముంచుచు నూరినచో ఈ చేటు ఉండదు. మన పెద్దలు నూనెరాతిమీద ఓపికగా నూరుటలో ఉన్న మర్మమిదియే.

సుత్తిని గురించి ఒక్కమాట. గట్టి పదును గల సుత్తి ముఖమును మరియొక సుత్తి ముఖముతో ఎన్నడును కొట్టరాదు. రెండును గట్టివైనప్పుడు పెచ్చు లేచి తూటావలె కంటిలో పడును. ఇనుము కోయు ఉలి తల దెబ్బలు తిని పుట్టగొడుగువలె విచ్చుకొన్నచో, ఆ అంచులను నూరివేసిన పిదపనే వాడవలెను. ఇంటికి అరకిలో సుత్తి చాలును.

ఇక పిడి. మన సీమ వేసవిలో గొడ్డలి తల వదులగుట అందరు ఎరిగినదే. కొయ్య ఎండి కుదించుకొనును. తొట్టిలో నానవేసినచో బిగిసినట్లే కనబడును గాని, మరల ఎండినప్పుడు మునుపటికన్న హెచ్చు వదులగును. ఏలయనగా నానినప్పుడు ఉబ్బిన కొయ్య ఇనుపకన్నములో నలిగి తన పరిమాణమును కోల్పోవును. చేయవలసినది చీల కొట్టుట. పిడికి తుమ్మ మంచిది. నారు పిడి పొడవునను నిటారుగా పోవలెను. ప్రక్కకు తిరిగి బయటికి పోవు నారు ఎచ్చట ఉన్నదో, పిడి అచ్చటనే విరుగును. రంగు పూసిన పిడిలో ఈ నారు కనబడదు. కనుక రంగు పిడిని నేను సంశయముతోనే చూచెదను.

పిడి లావును గురించి దుకాణములలో ఎవరును అడుగరు. కోతలలోను కలుపు తీతలలోను ఎక్కువ భాగము పని చేయునది స్త్రీలు. పనిముట్లు కొనితెచ్చువారు పురుషులు. తమ పిడికిలిలో ఇమిడినది చాలునని వారు తెత్తురు. చిన్న చేతిలో లావు పిడిని పట్టి దినమంతయు కోసినచో సాయంకాలమునకు మణికట్టు పట్టివేయును. కక్కు కొడవలిని ఎన్నిక చేయవలసినది దానితో కోయు స్త్రీయే. ఆమెను దుకాణమునకు పిలుచుకొని పోవుట కష్టమైన పని కాదు. అన్నట్లు, నల్లరేగడిలో పని చేయు పారకు వంపుకన్న నునుపు ముఖ్యము. తడి రేగడి గరుకు ఇనుమును పట్టుకొని వదలదు. సేరు మట్టిని ఎత్తుటకు రెండు సేర్ల బరువు మోయవలసివచ్చును. పని ముగిసిన పిమ్మట పారను తుడిచి నూనె గుడ్డతో రాచువారు మరునాడు ఆ కూలి మిగుల్చుకొందురు.

కొలతల పనిముట్లలో మోసము కంటికి తెలియదు, కాని పరీక్ష మాత్రము మిక్కిలి సులభము. రసమట్టమును దుకాణపు బల్లమీద ఉంచి బుడగ ఎచ్చట నిలిచినదో చూడుడు. దానిని కుడి ఎడమలు త్రిప్పి అదే చోట మరల ఉంచుడు. బుడగ రెండు మారులును ఒకే వైపునకు అంతే దూరము జరిగి ఉన్నచో వాలు బల్లది. త్రిప్పినప్పుడు బుడగ మరియొక స్థానమునకు పోయినచో తప్పు రసమట్టముది. మూలమట్టమునకును ఇట్టిదే పరీక్ష. తిన్నని పలక అంచునకు ఆనించి ఒక గీత గీచి, మూలమట్టమును బోర్లవేసి అదే బిందువునుండి రెండవ గీత గీయవలెను. రెండు గీతలు కలిసినచో అది లంబముగా ఉన్నట్లు. టేపు కొనను ఉండు ఇనుప కొక్కెము కొంచెము కదలుచుండును. ఇది లోపమని తలచి సుత్తితో కొట్టి బిగించినవారిని నేను చూచితిని. ఆ కదలిక కావలెనని పెట్టినదే. కొక్కెమును అంచునకు తగిలించి లాగినప్పుడు ఒక కొలత, గోడకు ఆనించి నెట్టినప్పుడు మరియొక కొలత రాకుండ, కొక్కెపు మందము ఎంతయో అంత మేర అది జరుగును. బిగించిన టేపు ప్రతి కొలతలోను ఆ మేర అబద్ధము చెప్పును.

పానాల పెట్టెలను గురించి చెప్పుటకు చాల ఉన్నది గాని ముఖ్యమైనది ఇది. నూట ఎనిమిది ముక్కల పెట్టెలో రైతుకు పనికివచ్చునవి పదికి మించవు. 6 మిల్లీమీటర్ల బోల్టు తలకు 10వ నంబరు పానా, 8 దానికి 13, 10 దానికి 17, 12 దానికి 19 పట్టును. కొత్త అంతర్జాతీయ ప్రమాణము ననుసరించిన యంత్రములలో 10 దానికి 16, 12 దానికి 18 వచ్చుచున్నవి. ఈ ఆరు పానాలు మంచి ఉక్కువి ఉన్నచో పొలము పనులు చాల భాగము గడచును. పానా నోటిని బోల్టు తలకు తగిలించి అటు ఇటు ఊపి చూడవలెను. ఎక్కువ ఆడినచో అది బోల్టు మూలలను గుండ్రముగా అరగదీయును; తరువాత ఆ బోల్టును ఊడదీయుటకు పానాకు బదులు ఉలియే గతి. ‘క్రోమ్ వనేడియం’ అని పోతపోసిన అక్షరములు ఉక్కు గుణమునకు సాక్ష్యము కావు. ఆ అక్షరములను ఎవరయినను పోయవచ్చును. ప్లయరును మూసి వెలుతురువైపు పట్టి చూచినచో కోత అంచులు కలిసినవో లేదో ఒక్క క్షణములో తెలియును.

ముద్రలలో నమ్మదగినది ఐ.ఎస్.ఐ. ముద్ర. 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అను పేర మొదలయిన సంస్థ 1987 నుండి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా నడచుచున్నది. అసలు ముద్రకు పైన ఐ.ఎస్. అని ప్రమాణపు సంఖ్యయు, క్రింద సి.ఎం./ఎల్. అని లైసెన్సు సంఖ్యయు ఉండును. ఆ లైసెన్సు సంఖ్యను ఆ సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ అను ఫోను సాధనములో కొట్టి, అది ఏ కంపెనీకి, ఏ వస్తువునకు ఇచ్చినదో చూచుకొనవచ్చును. సంఖ్యలు లేని వట్టి ముద్ర కేవలము బొమ్మ.

కరెంటు పనిముట్లు మన పల్లెలకు వచ్చి ఎంతో కాలము కాలేదు గాని ప్రపంచమునకు అవి పాతవే. జర్మనీలోని స్టుట్‌గార్టులో ఫైన్ కంపెనీవారు 1895లో మొదటి కరెంటు బరమాను చేసిరి. పిస్తోలువలె పట్టుకొని మీట నొక్కు ఆకారమునకు 1917లో అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. నేటి డ్రిల్లు మిషను ఆ ఆకారమునే మోయుచున్నది. వీనిలో మన ప్రాంతమున అత్యధికముగా వాడునది, అత్యధికముగా గాయపరచునది చేతి గ్రైండరు. నాలుగంగుళముల చక్రము నిమిషమునకు 11,000 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. ఆ చక్రముమీద దానికి తగిన గరిష్ఠ వేగము అచ్చువేసి ఉండును. ఆ సంఖ్య మిషను వేగముకన్న హెచ్చుగా ఉండవలెను. కాలపరిమితియు అచ్చువేసి ఉండును. పెద్ద చక్రము పట్టలేదని రక్షణ కవచమును ఊడదీసి, చిన్న మిషనుకు పెద్ద చక్రమును బిగించువారు ఉన్నారు. పెద్ద చక్రమునకు అనుమతించిన వేగము తక్కువ. చిన్న మిషను తిరుగు వేగము ఎక్కువ. ఇట్లు బిగించిన చక్రము ముక్కలయి ఎగురుటలో ఆశ్చర్యమేమియు లేదు. పండ్లున్న కొయ్య కోత బిళ్లను గ్రైండరుకు తగిలించుట ఇంకను ప్రమాదకరము. కొయ్యలో పట్టుకొన్నచో మిషను చేతిలోనుండి ఎగిరి మీదికి వచ్చును.

ఈ గ్రైండరు మాట వచ్చినప్పుడు ఆళ్లగడ్డను తలచుకొనక తప్పదు. అక్కడి రాతి శిల్పమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. పూర్వము రాతి శిల్పికి తన ఉలులను తాను కాల్చి సాగదీసి పదును పెట్టుకొనుట నిత్యకృత్యము. ఇప్పుడు టంగ్‌స్టన్ కార్బైడు కొన గల ఉలులు వచ్చి ఆ శ్రమను చాలవరకు తప్పించినవి. కార్బైడు మిక్కిలి గట్టిది, మిక్కిలి పెళుసు. మామూలు బూడిదరంగు సానమీద అది అరగదు. దానికి ఆకుపచ్చని సాన చక్రమో, వజ్రపు పొడి చక్రమో కావలెను. ఈ సంగతి అడుగకుండ కొన్నవారు రెండవ నెలలో ఉలిని పారవేయుదురు.

గ్రైండరు వలన నెల రోజుల పని వారములో ముగియుచున్నది. కాని ఉలి రాల్చిన రాతిముక్క నేలమీద పడును. గ్రైండరు రేపిన ధూళి ఊపిరిలోనికి పోవును. సిలికా కలిసిన సన్నని రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొన్నచో సిలికోసిస్ అను వ్యాధి వచ్చును. దానిని పూర్తిగా నయము చేయు మందు లేదు. ధూళి పీల్చుట మానిన తరువాత కూడ అది ముదురవచ్చును. రాతిలో సిలికా ఎంత ఉన్నదో కంటికి తెలియదు. తలగుడ్డను ముక్కునకు చుట్టుకొనుట చాలదు; కంటికి కనబడునంత లావు ధూళిని ఆ గుడ్డ ఆపును, కనబడని దానిని వదలును. చంపునది కనబడనిదే. కోత స్థలమున నీరు చిలకరింపు ఏర్పాటు, ఎన్-95 తరగతి ముసుగు, గాలి పోవు దిశను చూచి కూర్చుండుట, ఈ మూడును గ్రైండరుతో పాటు కొనవలసిన పనిముట్లే యని నా ఉద్దేశము. అయితే నీరు తగులు చోట కరెంటు మిషను వాడునప్పుడు, నీటితో వాడదగినట్లు చేసిన మిషనును, కరెంటు కారిన క్షణములో ఆపివేయు బ్రేకరును తప్పనిసరిగా ఉంచుకొనవలెను. శిల్పి ఇంటిలో ఆ ధూళిని పీల్చునది శిల్పి ఒక్కడే కాదు. పెరటిలో పని నడచుచుండగా పసిబిడ్డలు అక్కడనే ఆడుకొనుచుందురు.

బ్యాటరీతో నడచు డ్రిల్లులు ఇటీవల సంతలలో కూడ కనబడుచున్నవి. వీనిమీది అంకెలను చూచి మోసపోరాదు. 18 వోల్టుల బ్యాటరీయన్నను, 20 వోల్టులు మాక్స్ అన్నను ఒక్కటే. 5 కణములను వరుసగా కలిపినది. నిండుగా చార్జి చేసినప్పటి అంకె 20, పని చేయునప్పటి అంకె 18. అదే పరిమాణముగల చౌక పెట్టెమీద 48 అనియు 88 అనియు అచ్చువేసినచో, ఆ అంకె పెట్టెమీద అంటించిన కాగితమునకు చెందినది గాని లోపలి బ్యాటరీకి చెందినది కాదు. ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ మిషనుకు సాధారణముగా పట్టదు. కనుక మొదట కొను మిషనుతోనే తరువాతి మిషనుల కంపెనీని కూడ నిర్ణయించుకొనుచున్నామని గుర్తుంచుకొనవలెను. ఇంటికి మేకులు, గోడకు నాలుగు మరలు బిగించు గృహస్థునకు తీగతో నడచు డ్రిల్లే నయము. ఏడాదిలో నాలుగు మారులు వాడు బ్యాటరీ ఊరక ఉండియే చెడిపోవును.

దుకాణదారుని తప్పక అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. “దీని కార్బన్ బ్రష్షులు నంద్యాలలో దొరుకునా?” అనునది. చిన్న మోటారులలో మొదట అరుగునవి ఆ రెండు బొగ్గు ముక్కలే; వాని వెల మిషను వెలలో లెక్కకు రాదు. అవి దొరకనిచో మిగిలిన మిషను అంతయు పాత ఇనుము. దుకాణదారు తడుముకొన్నచో, పెట్టెమీద ఏడాది పూచీయని ఎంత పెద్ద అక్షరములతో ఉన్నను, ఆ మిషనును అక్కడనే వదలి రావచ్చును.

వోచరు చేతికి వచ్చిన వడ్రంగి 15,000 రూపాయలను ఎట్లు ఖర్చు చేయవలెనని నన్ను అడిగినచో, సగమునకు మించి చేతి పనిముట్లకే పెట్టుమందును. నాలుగు కొలతల మంచి ఉలులు, ఒక బాడిస, ఇనుప చిత్రిక, మూలమట్టము, టేపు, రెండు రంపములు, నూనెరాయి. మిగిలిన దానితో ఒక మంచి తీగ డ్రిల్లు, కంటికి అద్దములు. కరెంటు చిత్రిక, జిగ్‌సా వంటివి చేతిలో పని నిలిచిన తరువాత కొనవచ్చును. ఈ పథకములో మొదటి విడత ఒక లక్ష రూపాయల వరకు అప్పు ఇచ్చు ఏర్పాటు ఉన్నది. కాని అప్పుతో కొన్న మిషను రోజును పని దొరకినప్పుడే తన అప్పు తాను తీర్చుకొనును.

రంపములలో మాత్రము ఒక జాగ్రత్త. ఇప్పుడు దుకాణములలో ప్లాస్టికు పిడిగల రంపములు హెచ్చుగా వచ్చుచున్నవి. వాని పండ్ల కొనలు నల్లగానో నీలముగానో ఉన్నచో, ఆ పండ్లను కరెంటుతో వేడిచేసి అతి గట్టిగా చేసినారని అర్థము. అవి చాలకాలము వాడిగా ఉండును గాని మొద్దుబారిన పిదప ఆకురాయి వానిని అంటదు. వాడుకొని పారవేయవలసినదే. పండ్లు రంపపు రేకుతో సమానమైన రంగున ఉన్నచో దానికి మరల మరల సాన పెట్టుకొనవచ్చును. అట్టి రంపమును కొన్నవారు దానితో పాటు పండ్ల సందులలో సరిపోవు మూడు పలకల ఆకురాయిని కూడ అడిగి తీసికొనవలెను. అది పెట్టెలలో రాదు, విడిగానే అమ్ముదురు.